పాత ఇల్లు – కొత్త కప్పు

ఇల్లు కట్టి చూడుమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయుట అంతకంటె కష్టమని మేము మనవి చేయుచున్నాము. ఏన్కూరు వంటి అడవి అంచు గ్రామములలో మట్టిగోడలపై పెంకుల కప్పుగల పాత ఇండ్లు నేటికిని కలవు. పెంకులు దించి కాంక్రీటు కప్పు వేయించవలెనను కోరిక గృహస్థునకు సహజమే.

కాని ముందు లెక్క చూడవలెను. బెంగుళూరు పెంకులు, వాటి క్రింది కర్రపట్టీలు కలిసి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగును. 10 సెంటీమీటర్ల మందముగల కాంక్రీటు కప్పు 250 కిలోలు. ఈ భారమును పాతగోడ మోయగలదా? అదియు గాక, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతమున 5.7 తీవ్రతతో భూకంపము సంభవించినది. భూమి కంపించినపుడు కప్పు ఎంత బరువైనదో గోడలపై తాకిడి అంత అధికము.

కావున మేస్త్రీతో బేరమాడుటకు ముందే ఇంజనీరును పిలిపించి పునాది, పగుళ్ళు, చెదలు చూపవలెను. ఏ గోడ తీయరాదో, ఏ గోడను బలపరుపవలెనో ఆయన నిర్ణయించును. మట్టి ఇండ్లను గూర్చి 1993లో వెలువడిన 13827వ నంబరు భారతీయ ప్రమాణము, ద్వారబంధముల పైమట్టమున గోడలన్నిటిని చుట్టి పట్టీ వేయవలెనని చెప్పుచున్నది. పటము, అంచనా సిద్ధమైన పిమ్మటనే మేస్త్రీతోను, వడ్రంగితోను ధరలు వ్రాయించుకొని, వర్షములకు ముందే కప్పు పని ముగించుకొనవలెను.

ఇంజనీరు వలదన్నచో పగిలిన పెంకులు మార్పించి, పుచ్చిన వాసములు తీయించి, పాత కప్పునే నిలుపుకొనుట క్షేమము.