ఇంట్లో మరో నైట్‌ షిఫ్టు!

స్టీల్‌ప్లాంటు ఎ, బి, సి షిఫ్టులు విశాఖవాసులకు కొత్త కాదు. రాత్రి డ్యూటీకి ఓ లెక్కుంటుంది. షిఫ్టు మారుతుంది, వారాంతపు సెలవు వస్తుంది. అదే ఇంట్లో కంప్యూటర్‌ సైన్స్‌ చదివే కొడుకో కూతురో రోజూ తెల్లవారుజామున రెండింటి దాకా కోడింగ్‌ చేసి, ఎనిమిదింటికి కాలేజీ బస్సు ఎక్కుతుంటే ‘బాగా కష్టపడుతున్నారు’ అని మురిసిపోతాం. నిజానికి ఇది ఎప్పటికీ మారని నైట్‌ షిఫ్టు.

మత్తులో రాసినట్టే

ఉదయం 7కు లేచినవారికి రాత్రి 12 అయ్యేసరికి 17 గంటల మెలకువ పూర్తవుతుంది. ఆ స్థితిలో పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్‌ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ‘నేచర్‌’ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం చూపింది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే! బండి నడపకూడని స్థితిలో రాసిన ప్రోగ్రాములో తప్పులు దొర్లడం వింతేమీ కాదు. వాటిని వెతకడానికి మర్నాటి సాయంత్రం ఖర్చవుతుంది. అసలు పని మళ్లీ అర్ధరాత్రికే చేరుతుంది.

పిల్లలకు జ్ఞాపకశక్తి టానిక్‌ రాయమని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఏడు గంటల నిద్రకు మించిన టానిక్‌ లేదు.

ఈ అలవాట్లు మేలు

* ప్రాజెక్టు ఇచ్చిన రోజే అరగంటైనా మొదలుపెట్టాలి. గడువు ముందు రాత్రి జాగారం తప్పుతుంది.
* రాత్రి పదిన్నరకు ల్యాప్‌టాప్‌ మూసేయాలి. ఎక్కడ ఆపారో, రేపు మొదట ఏం చేయాలో కాగితంపై రాసుకుంటే మనసు తేలికపడి నిద్ర త్వరగా పడుతుంది.
* ఒకే తప్పు దగ్గర అరగంట ఇరుక్కుపోతే లేచి నాలుగడుగులు వేయాలి. సమస్యను స్నేహితులకు మాటల్లో వివరించినా దారి దొరుకుతుంది.
* ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. కళ్లు ఆర్పడం మరవొద్దు.
* తాగిన ఐదు గంటల తర్వాతా కాఫీలోని కెఫీన్‌ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక వద్దు.
* మంచం మీద వాలి కాకుండా, బల్ల దగ్గర వీపుకు ఆసరా ఉండేలా కూర్చోవాలి.

ఇంట్లోవాళ్లూ సాయపడాలి

‘రాత్రయితేనే ప్రశాంతంగా ఉంటుంది’ అనేది పిల్లలు చెప్పే మాట. అందులో నిజముంది. సాయంత్రం రెండు గంటలు టీవీ కట్టేసి, పనులు పురమాయించకుండా వదిలేయండి. నైట్‌ డ్యూటీ చేసొచ్చి పడుకున్నవారికి ఇచ్చే నిశ్శబ్దమే వీళ్లకూ ఇవ్వండి.

వేళ్ల తిమ్మిర్లతో రాత్రి మెలకువ వస్తున్నా, తలనొప్పి తరచూ వేధిస్తున్నా, వారానికి మూడు రాత్రులు నిద్ర పట్టకపోతున్నా డాక్టరును కలవాలి. దిగులు, ఆందోళన వదలకపోతే ప్రభుత్వ టెలి మానస్‌ నంబరు 14416కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.