డాట్ కామ్ పేరు మనం కొన్నామా, అద్దెకు తీసుకున్నామా?

పోయిన వారం మా బావ ఫోన్ చేశాడు. ఆయనకి ఒంగోలు దగ్గర చిన్న టెంట్ హౌస్ ఉంది. కిందటేడు నేనే దానికో వెబ్‌సైట్ పెట్టించి, డాట్ కామ్ పేరు తీసిచ్చాను. "ఏరా, అప్పుడు 199 రూపాయలే అన్నావు. ఇప్పుడు 1,500 కట్టమని మెయిల్ వచ్చింది. ఎవడన్నా మోసం చేస్తున్నాడా?" అన్నాడు. మోసం కాదు బావా, రెన్యూవల్ అన్నాను. "అయితే వేరే కంపెనీకి మారిపోదాం పద" అన్నాడు.

సిమ్ పోర్ట్ చేసుకున్నంత ఈజీగా అనేశాడు కదా! మారొచ్చు, తప్పు లేదు. కానీ ఎంత మిగులుతుంది అనేదే అసలు విషయం. ఈ ఎపిసోడ్ దాని గురించే.

మనం పేరు తీసుకునే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. అది షాపు లాంటిది. ఇలాంటి షాపులు ప్రపంచంలో వందల్లో ఉన్నాయి. వాళ్ళ వెనకాల డాట్ కామ్ పేర్లన్నిటి అసలు లిస్టు పట్టుకుని కూర్చున్నది మాత్రం ఒకే ఒక్క కంపెనీ, అమెరికాలోని వెరిసైన్. దాన్ని రిజిస్ట్రీ అంటారు. ఊళ్ళో పాల షాపులు పది ఉన్నా, పాలు పోసే డైరీ ఒక్కటే అయితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మీరు ఏ షాపులో కొన్నా, ఒక్కో పేరుకి ఏడాదికి ఇంత అని వెరిసైన్‌కి వెళ్ళాల్సిందే.

ఆ "ఇంత" ఎంత? 2012 నుంచి చాలా ఏళ్ళు 7.85 డాలర్ల దగ్గరే ఆగింది. అమెరికా వాణిజ్య శాఖ పెంచనివ్వలేదు. 2018లో అదే శాఖ ఆ పట్టు వదిలేసింది. ప్రతి ఆరేళ్ళలో చివరి నాలుగేళ్ళు, ఏడాదికి 7 శాతం దాకా పెంచుకోవచ్చంది. 2020లో ఐకాన్ కూడా, అంటే ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసుకునే సంస్థ, ఒప్పందంలో సరే అంది. ఇంకేముంది, 2021లో 8.39, 2022లో 8.97, 2023లో 9.59, 2024లో 10.26 డాలర్లు. ఛాన్స్ ఉన్న నాలుగుసార్లూ పెంచేశారు. 2026 అక్టోబరు నుంచి మళ్ళీ నాలుగేళ్ళు పెంచుకునే వీలుంది. అలాగే వాడుకుంటే 13 డాలర్లు దాటుతుంది.

రెండున్నర డాలర్లకి ఇంత గోలా అనుకోకండి. డాట్ కామ్ పేర్లు 15 కోట్ల పైనే ఉన్నాయి. పెరిగిన 2.41 డాలర్లని 15 కోట్లతో గుణిస్తే ఏడాదికి 36 కోట్ల డాలర్లు వస్తుంది. వెయ్యి మంది ఉద్యోగులు కూడా లేని ఈ కంపెనీకి 2024లో వచ్చిన ఆదాయం 150 కోట్ల డాలర్ల పైమాటే. అందులో మూడింట రెండు వంతులు నిర్వహణ లాభం!

వాళ్ళ వైపు మాట కూడా చెప్పాలి. లిస్టు ఒక్కటే ఉండాలి, అది నిజం. రెండు లిస్టులుంటే ఒకే పేరు కొడితే మీకో సైటు, నాకో సైటు తెరుచుకుంటుంది. పైగా పాతికేళ్ళ పైగా డాట్ కామ్ ఒక్కసారి కూడా ఆగలేదని వాళ్ళు చెప్పుకుంటారు. నేనూ కాదనను.

కానీ లిస్టు ఒక్కటే ఉండాలంటే, అది ఎప్పటికీ ఒకరి చేతిలోనే ఉండాలని కాదు కదా. రోడ్డు ఒక్కటే అయినా టోల్ వసూలుకి టెండర్ పిలుస్తారు. డాట్ కామ్‌కి అది లేదు. పెద్ద తప్పు చేస్తే తప్ప ఒప్పందం మళ్ళీ వాళ్ళకే రెన్యూ అవుతుందని రాసుంది. 2024 చివర్లో అలాగే ఇంకో ఆరేళ్ళకి అయింది కూడా. టెండర్ పిలిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. 2005లో డాట్ నెట్‌కి పిలిచారు, ఐదుగురు పోటీ పడ్డారు. గెలిచింది మళ్ళీ వెరిసైనే! కానీ 6 డాలర్లున్న ధర 4.25కి దిగింది. అదే కంపెనీ, అదే పని. పక్కన పోటీ ఉంది, అంతే తేడా.

ఇప్పుడు బావ లెక్కకి వద్దాం. 10.26 డాలర్లంటే సుమారు 900 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే వెయ్యి దాటుతుంది. మిగతా నాలుగైదు వందలే షాపు వాడిది. మంచి షాపుకి మారితే అందులో కొంత మిగులుతుంది, వెయ్యి కిందకి మాత్రం రాదు. మొదటి ఏడాది 199 అనేది షాపు వాడు మనల్ని లోపలికి లాగడానికి పెట్టిన రేటు.

"పోనీ డాట్ ఇన్ తీసుకుందాం" అన్నాడు. అది మన దేశపు సంస్థ నిక్సీ చేతిలో ఉంది, తక్కువలోనే వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనూ అదే చెప్తాను. కానీ బావ పేరు ఇప్పటికే షామియానాల మీద, ఆటో ట్రాలీ మీద, రెండు వేల విజిటింగ్ కార్డుల మీద ఎక్కేసింది. అందుకే కట్టక తప్పదు. రిజిస్ట్రీకి ధైర్యం కూడా అదే. డాట్ ఆన్‌లైన్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటి కొత్తవి చవగ్గా కనిపిస్తాయి కానీ, వాటి ధరకి అసలు పైహద్దే లేదు. డాట్ కామ్‌కి 7 శాతం అనే గీతన్నా ఉంది.

మనం చేయగలిగింది ఒకటుంది. ధర పెంచే ఆరు నెలల ముందే రిజిస్ట్రీ నోటీసు ఇవ్వాలి. ఆ లోపు పదేళ్ళ దాకా పాత ధరకే రెన్యూ చేసుకోవచ్చు. షాపు మారాలంటే లాక్ తీసి, ఆథ్ కోడ్ తీసుకుని కొత్త షాపులో ఇవ్వాలి. మిగిలిన గడువు పోదు, ఇంకో ఏడాది కలుస్తుంది. గడువు దాటనివ్వకండి. దాటాక కొన్ని రోజులు మామూలు రేటుకే ఇస్తారు, ఆ తర్వాత 30 రోజులు అదనపు ఫీజుతో ఇస్తారు. అదీ అయిపోతే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

బావ సైటు మార్చేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆథ్ కోడ్ వెళ్ళే మెయిల్ ఐడీ నా పాత కాలేజీది, ఎప్పుడో మూసేశారు. దాన్ని మార్పించడానికి ఆధార్ కాపీ పంపి నాలుగు రోజులు తిరిగాను. మీ డొమైన్ ఏ మెయిల్ మీద ఉందో ఇప్పుడే చూసుకోండి, వీడియో తర్వాతైనా పూర్తి చేయొచ్చు.