సైకిలెక్కి పోచారం మత్తడికి

వానలు బాగా పడిన ఏడు ఎల్లారెడ్డిలో ఒక మాట ఇంటింటికీ పాకుతుంది. "పోచారం నిండిందట. మత్తడి దుంకుతుందట." ఆ మాట వినగానే మగపిల్లలు బండ్లెక్కి పోతారు. ఆడవాళ్లు మాత్రం "మనకేడ కుదురుతుంది?" అని పొయ్యి దగ్గరే ఉండిపోతారు.

ఎందుకు కుదరదు? పది మంది అక్కచెల్లెళ్లు కలిస్తే సైకిళ్ల మీద పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. ఎట్లా పోవాలి? అక్కడ ఏమి చూడాలి? దేనికి భయపడాలి? చదువుదాం.

మత్తడి అంటే మనకు తెలిసిందే. చెరువు నిండినాక మిగిలిన నీళ్లు పోయే దారి. కొన్ని ఊళ్లలో అలుగు అంటారు. మత్తడి లేకపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టిని కోస్తాయి. కట్ట తెగుతుంది. అంటే మత్తడి చెరువుకు ప్రాణం.

పోచారం పెద్ద చెరువు. ఆలేరు వాగుకు అడ్డంగా 1916 నుంచి 1922 దాకా దీన్ని కట్టారు. అది నిజాం కాలం. ఇంత రాయి మోసిన కూలీలలో ఆడవాళ్లు కూడా ఉండే ఉంటారు. ఈ నీళ్లతోనే నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో వరి పండుతుంది. ఇక్కడి మత్తడికి గేట్లు లేవు. ఎవరూ ఎత్తరు, ఎవరూ దించరు. చెరువు నిండగానే నీళ్లు రాతి గోడ మీదుగా తమంతట తామే దుంకుతాయి. కింద బండలకు తగిలి తెల్లగా నురగలు కక్కుతాయి. పాలు పొంగినట్టు ఉంటుంది.

చాలామంది దీన్ని జలపాతం అంటారు. నిజానికి ఇది కొండ మీది నుంచి పడే నీరు కాదు. మనుషులు కట్టిన గోడ మీది నుంచి పడే నీరు. ఈ నీరు మంజీరలో కలుస్తుంది. అక్కడి నుంచి నిజాంసాగర్‌కు పోతుంది. నిజాంసాగర్‌ను 1923 నుంచి 1931 దాకా కట్టారు. మంజీర చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. చెరువు పక్కన అడవి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. జింకలు, నెమళ్లు ఉంటాయి.

"బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, సైకిలు ఎందుకు?" అని అడగవచ్చు. నిజమే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఉచితం. అది మంచి పని. కానీ బస్సు దాని వేళకు వస్తుంది. సైకిలు మన వేళకు కదులుతుంది. ఆగాలనుకున్న చోట ఆగుతుంది.

ఇక్కడ తమిళనాడు అక్కల సంగతి చెప్పాలి. 1991లో పుదుక్కోట్టై జిల్లాలో చదువు ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆమె. అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పాలని ఆమె పట్టుబట్టింది. రాతి క్వారీల్లో పని చేసే కూలీలు, పొలం పనికి పోయే ఆడవాళ్లు వేల మంది నేర్చుకున్నారు. మొదట్లో మగవాళ్లు నవ్వారు. సూటిపోటి మాటలన్నారు. వాళ్లు ఆగలేదు. ఆడవాళ్ల సైకిళ్లు దొరకకపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందు కడ్డీ మీద పిల్లను కూచోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయి కూడా!

ఇక మన ప్రయాణం. ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట మీదుగా మెదక్ పోయే రోడ్డు పట్టుకోవాలి. పోచారం సుమారు 25 కిలోమీటర్లు. లెక్క వేయండి. గంటకు 10 కిలోమీటర్లు తొక్కితే రెండున్నర గంటలు. మధ్యలో రెండు మూడు సార్లు ఆగుతాం. పొద్దున 6 గంటలకు బయలుదేరితే 9న్నరకు చేరతాం. కామారెడ్డి వాళ్లకు ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికే 40 కిలోమీటర్ల దాకా ఉంది. వాళ్లు ముందు రోజు బస్సులో వచ్చి, ఎల్లారెడ్డిలో చుట్టాల ఇంట్లో పడుకుని, అక్కడ సైకిలు అడిగి తీసుకోవడం నయం.

ముందు రోజే సైకిలు చూసుకోండి. గాలి సరిగా ఉందా? రెండు బ్రేకులూ పడుతున్నాయా? చైనుకు నూనె వేశారా? సీటు మీద కూచుంటే కాలి వేళ్లు నేలకు ఆనాలి. చీర కట్టుకుంటే కొంగు నడుముకు గట్టిగా చెక్కుకోవాలి. కుచ్చిళ్లు చైనులో పడితే మనిషి కింద పడుతుంది. చైను మీద రేకు ఉన్న సైకిలు మంచిది. గాలి పంపు ఒకటి అందరికీ చాలు.

ఈ రోడ్డు ఇప్పుడు జాతీయ రహదారి అయింది. లారీలు జోరుగా వస్తాయి. ఎడమ పక్కన, ఒకరి వెనుక ఒకరు పోవాలి. పక్కపక్కన పోతూ ముచ్చట్లు పెట్టవద్దు. ముచ్చట్లు చెట్టు కింద ఆగినప్పుడు. బాగా తొక్కగలిగిన ఆమె అందరి కంటే వెనుక ఉండాలి, ముందు కాదు. లేకపోతే కొత్తగా నేర్చుకున్న చెల్లె ఒంటరిగా మిగిలిపోతుంది.

రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు కనిపిస్తాయి. పైన పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. రాయి మీద ఊరి పేరు, అంకె ఉంటాయి. ఒక్కొక్క రాయిని ఒక్కొక్కరు పైకి చదవండి.

సద్ది కట్టుకోండి. జొన్నరొట్టె, పల్లీల కారం ఎండకు చెడవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కావాలి. ఒక సంగతి ఎవరూ చెప్పరు. మరుగుకు పోవాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగరు. ఎండలో అది ప్రమాదం. కళ్లు తిరుగుతాయి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉంటాయి. సిగ్గు పడకుండా అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మత్తడి దూరం నుంచి చూసేది. దిగేది కాదు. నీరు పారే రాయి మీద పాచి ఉంటుంది. కాలు నిలవదు. ఉరవడిగా పారే నీరు అర అడుగు లోతు ఉన్నా పెద్ద మనిషిని పడేస్తుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన ఎక్కడో వాన పడితే నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. గేట్లు లేవు కనుక ఎవరూ ఆపలేరు. ఫోను పట్టుకుని వెనక్కి నడుస్తూ ఫోటోలు దిగవద్దు.

2025 ఆగస్టు చివర్లో ఏమి జరిగిందో కామారెడ్డి వాళ్లకు చెప్పనవసరం లేదు. జిల్లాలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. అంటే దాదాపు మూరెడు. రోడ్లు తెగాయి. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారం కట్టకు కూడా గండం వచ్చింది. వందేళ్లు దాటిన ఆ కట్ట నిలిచింది. కనుక పెద్ద వాన హెచ్చరిక ఉన్న రోజు పోవద్దు. దారిలో వాగు రోడ్డు మీద పారుతుంటే సైకిలు వెనక్కి తిప్పండి.

ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకవద్దు. తాడు గానీ చీర గానీ విసరండి. 2020 ఆగస్టులో తమిళనాడులో పెరంబలూరు జిల్లా కొట్టరై దగ్గర నలుగురు కుర్రవాళ్లు నీళ్లలో మునిగారు. అక్కడున్న ముగ్గురు ఆడవాళ్లు ఒంటి మీది చీరలు విప్పి విసిరారు. ఇద్దరు బతికారు. ఒకరు చీర విసురుతుంటే ఇంకొకరు 112కు ఫోను చేయాలి. దెబ్బ తగిలితే 108.

మధ్యాహ్నం 2 గంటలకు తిరుగు ప్రయాణం. ఇంకాసేపు ఉందామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. సైకిలుకు దీపం లేదు, లారీ డ్రైవరుకు చీకట్లో మనం కనిపించం. వచ్చేటప్పుడు కాళ్లు బరువెక్కి ఉంటాయి కనుక నాలుగు గంటలు పట్టవచ్చు. 6 గంటలకు, వెలుతురు ఉండగానే, ఎల్లారెడ్డి చేరతాం.