థెరపిస్ట్ దగ్గర మన మనసు ఎందుకలా చేస్తుంది?



మన గుడికి వచ్చే కుటుంబాల్లో కౌన్సెలింగ్‌కు వెళ్తున్నవారు ఉన్నారు. రెండు మూడుసార్లు వెళ్లి, ఎవరికీ చెప్పకుండా మానేసినవారూ ఉన్నారు. "ఆవిడకి మన సంగతులు అర్థం కావులెండి" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఒక్కోసారి కారణం వేరే ఉంటుంది.

లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ (1907–1990) పసిపిల్లల అనుబంధాల గురించి లోతుగా ఆలోచించారు. భయం వేసినప్పుడు బిడ్డ పరుగెత్తి చేరేది తనవాళ్ల దగ్గరికే. వాళ్లు ఎలా ఆదుకుంటే, లోకం నుంచి కూడా బిడ్డ అదే ఆశిస్తుందని ఆయన చెప్పారు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండాలోనూ, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ తల్లీబిడ్డలను గమనించారు. బాల్టిమోర్‌లో ఏడాది పిల్లలను తల్లి కాసేపు వదిలి వెళ్లి, తిరిగి వచ్చేలా ఏర్పాటు చేశారు. కొందరు తల్లి రాగానే ఊరడిల్లి మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు ఆమెను చూడనట్టే ఉండిపోయారు. కొందరు చంకనెక్కినా ఏడుపు ఆపలేదు.

పెద్దయ్యాక థెరపిస్ట్ ముందు కూర్చున్నప్పుడు కూడా ఇలాంటి పోకడలే బయటపడవచ్చు. కొందరం "అంతా బాగానే ఉందండీ" అని, ఆఫీసు కబుర్లు చెప్పి లేచి వచ్చేస్తాం. కొందరం థెరపిస్ట్ రెండు వారాలు సెలవు పెడితే, మనల్ని వదిలించుకుంటున్నారని కుమిలిపోతాం. నమ్మకం కుదిరినవాళ్లం మాత్రం కోపం వచ్చినా ఆ మాట అడగగలుగుతాం.

ఇది జబ్బు కాదు. తల్లి పెంపకం మీద తీర్పూ కాదు. ఉద్యోగాల కోసం పిల్లల్ని కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర ఉంచిన తల్లులు దీన్ని చదివి తమను తాము నిందించుకోవద్దు. బిడ్డ ఒకరికన్నా ఎక్కువమందితో అనుబంధం పెంచుకోగలదు. చిన్ననాటి పోకడ తర్వాత మారగలదు కూడా.

థెరపిస్ట్ మొదటి పని, మనసులోని బాధను ధైర్యంగా చూసుకునేందుకు నిలకడైన ఆసరాగా ఉండటమేనని బౌల్బీ 1988లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. థెరపిస్ట్ కూడా మనిషే, వారికీ తమ పోకడ ఉంటుంది. అందుకే ఈ దేశంలో థెరపిస్టులు తమ పని గురించి మరో అనుభవజ్ఞుడితో తరచూ చర్చిస్తారు.

కనుక మానేయాలనిపిస్తే, ముందు ఆ మాటే అక్కడ చెప్పండి. "పోయినవారం మీరన్న మాటకు నొచ్చుకున్నాను" అంటే చాలు. చాలాసార్లు అసలు పని అక్కడే మొదలవుతుంది. చెప్పినా కుదరకపోతే మరొకరిని అడగడం తప్పు కాదు. థెరపిస్ట్ హద్దు మీరి ప్రవర్తిస్తే మాత్రం సర్దుకుపోవద్దు, వెంటనే ఫిర్యాదు చేయండి.

ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర నమోదైన పెద్దలు ఆందోళన, కుంగుబాటులకు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌ను నేరుగా సంప్రదించవచ్చు. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని కోరవచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక్క మనవి. వెళ్లి వచ్చినవారిని "ఏం మాట్లాడావు?" అని ఆరా తీయకండి. ఒక కప్పు టీ ఇచ్చి, పక్కన కూర్చోండి. అదీ ఆసరాయే.