క్రియను ఎంచుకునేది నామవాచకమే

ఇంగ్లిష్‌లో ‘మిస్టేక్’ అనే మాటకు తోడుగా వచ్చే క్రియ ‘మేక్’. ‘హోంవర్క్’కు తోడు ‘డూ’, ‘క్రైమ్’కు తోడు ‘కమిట్’. తెలుగులో తప్పు చేస్తారు, హోంవర్క్ చేస్తారు, నేరమూ చేస్తారు. మూడింటికీ ‘చేయు’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం మూడింటికి మూడు క్రియలు కావాలి. ఇలాంటి జంటల్లో అర్థభారం దాదాపు అంతా నామవాచకమే మోస్తుంది. ‘మేడ్ ఎ మిస్టేక్’లో ‘మేడ్’కు తయారుచేయడం అనే అర్థం మిగల్లేదు. ఆ పని ఎప్పుడు జరిగిందో చెప్పడం వరకే దాని పాత్ర.

పర్ఫెక్ట్ టెన్స్‌లో ఈ జంటకు ‘హావ్’ లేదా ‘హాజ్’ చేరుతుంది. క్రియ బళ్లలో ‘వి3’ అని చెప్పే రూపంలోకి మారుతుంది. ‘ఐ హావ్ మేడ్ ఎ మిస్టేక్’, ‘షి హాజ్ డన్ హర్ హోంవర్క్’. పాఠం సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. అందుకే డూ-డిడ్-డన్ పట్టిక మొత్తం కంఠతా వచ్చిన విద్యార్థి కూడా ‘ఐ హావ్ డన్ ఎ మిస్టేక్’ అని రాసేస్తాడు. అందులో కాలం సరిగ్గానే ఉంది, రూపమూ సరిగ్గానే ఉంది. కుదరనిది జంట ఒక్కటే. పరీక్షలో ఆ వాక్యానికి ఎర్రగీత పడుతుంది కానీ, తప్పు టెన్స్‌లో లేదని విద్యార్థికి ఎవరూ చెప్పరు. మళ్లీ అదే పట్టిక వల్లిస్తాడు.

ఇక్కడ పదక్రమం కూడా తెలుగువారికి అడ్డొస్తుంది. తెలుగులో కర్మ ముందు, క్రియ చివర. ‘నిర్ణయం’ అన్నాక ‘తీసుకున్నాను’ అని ముగించవచ్చు. నామవాచకం నోట వచ్చాకే క్రియ వెతుక్కునే వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్‌లో ఆ వీలు లేదు. ‘ఐ హావ్ మేడ్’ అని ముందే అనాలి, ‘ఎ డెసిషన్’ తర్వాత రావాలి. అంటే పలకబోయే నామవాచకాన్ని మనసులో పెట్టుకునే క్రియను ఎంచుకోవాలి. మాటల్లో తడబాటు ఎక్కువగా పుట్టేది ఈ చోటే.

నిజానికి పర్ఫెక్ట్ టెన్స్ పుట్టుకలోనే నామవాచకం ఉంది. ప్రాచీన ఆంగ్లంలో మొదట ‘హావ్’కు పూర్వరూపమైన క్రియ సొంతంగా ‘కలిగి ఉండు’ అనే అర్థంతోనే నిలిచేది. ‘చేపను పట్టాను’ అనే భావాన్ని ‘పట్టిన చేప నా దగ్గర ఉంది’ అన్న ధోరణిలో చెప్పేవారు. ‘పట్టిన’ అనే మాట అప్పట్లో చేపకు విశేషణం. నామవాచకాన్ని బట్టి దానికి విభక్తి ప్రత్యయం కూడా చేరేది. కాలక్రమంలో ఆ ప్రత్యయాలు రాలిపోయాయి, విశేషణం జరిగి ‘హావ్’ పక్కన స్థిరపడింది, రెండూ కలిసి ఒకే క్రియగా వినిపించడం మొదలైంది. ‘కలిగి ఉండు’ అనే అర్థం కరిగిపోయి, ‘పని జరిగింది, దాని ఫలితం ఇప్పుడు ఉంది’ అన్న భావం మిగిలింది. పాత క్రమం గుర్తులు నేటికీ కనిపిస్తాయి. ‘ఐ హావ్ కట్ మై హెయిర్’ అంటే జుట్టు తానే కత్తిరించుకున్నట్టు. ‘ఐ హావ్ మై హెయిర్ కట్’ అంటే ఆ పని మరొకరిచేత చేయించుకోవడం. నామవాచకం ఒక్క అడుగు జరిగితే చాలు, పని చేసేవారే మారిపోతారు.

తెలుగులో ‘హావ్’కు సమానమైన క్రియ లేదు. ‘నాకు ఇల్లు ఉంది’ అంటారు తప్ప, ఇంటిని కర్మగా పెట్టి మాట్లాడరు. ‘ఆయన ఈ విషయం చెప్పి ఉన్నారు’ లాంటి ప్రయోగాల్లోనూ సాయపడేది ‘ఉండు’ ధాతువే. వాడుకలో అయితే ‘చెప్పాను’ అన్న ఒక్క మాటే ఇంగ్లిష్‌లోని సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ రెండింటికీ సరిపోతుంది. పర్ఫెక్ట్ వాక్యంలో ‘హావ్’ ఏ పని చేస్తోందో తెలుగు విద్యార్థికి వెంటనే తట్టకపోవడానికి కారణం ఇదే.

అదే ‘హావ్’ జంటలో క్రియగా కూడా వస్తే చిక్కు రెట్టింపవుతుంది. ‘ఐ హావ్ హాడ్ మై లంచ్’లో మొదటిది కాలానికి, రెండోది భోజనానికి. స్నానమైనా అంతే: ‘ఐ హావ్ హాడ్ ఎ బాత్’. భోజనం చేశాను, స్నానం చేశాను అన్న అలవాటు కొద్దీ ఇక్కడ ‘డన్’ దూరుతుంది.

జ్వరం సంగతి మరీ జాగ్రత్తగా చూడదగ్గది. మూడు రోజులుగా జ్వరంతో ఉన్న మనిషి తెలుగులో ‘మూడు రోజుల నుంచి జ్వరంగా ఉంది’ అంటాడు; వర్తమాన కాలం. దాన్ని ఉన్నదున్నట్టు మారిస్తే ‘ఐ యామ్ హావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్’ అవుతుంది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కానీ, ప్రామాణిక ఇంగ్లిష్ వాక్యం ‘ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్’. మొదలై, ఇంకా వదలని స్థితిని చెప్పేది పర్ఫెక్టే. ఇందులోంచి మొదటి ‘హావ్’ జారిపోతే ‘ఐ హాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ మిగులుతుంది. జ్వరం వచ్చి తగ్గిపోయిందని దాని అర్థం. విదేశంలో డాక్టర్ ముందు కూర్చున్న తెలుగువారికి ఈ తేడా చిన్నదేమీ కాదు. పైగా మాటల్లో ఆ ‘హావ్’ కుంచించుకుపోయి ‘ఐవ్’ అనే వినిపిస్తుంది, గబగబా మాట్లాడితే అదీ వినపడదు.

నామవాచకం వాక్యం ముందుకు జరిగినా జంట తెగదు. ‘ద మిస్టేక్స్ వి హావ్ మేడ్’, ‘ద డ్యామేజ్ ద రెయిన్స్ హావ్ డన్’, ‘ఎ డెసిషన్ హాజ్ బీన్ మేడ్’. మధ్యలో ఎన్ని మాటలు వచ్చినా క్రియ తన నామవాచకాన్ని బట్టే వస్తుంది. నామవాచకం ముందే వచ్చేస్తుంది కాబట్టి ఇలాంటి వాక్యాలు తెలుగువారికి కొంత సులువు కూడా.

లెక్క కూడా నామవాచకంలోనే దాగి ఉంటుంది. ‘షి హాజ్ మేడ్ త్రీ కాల్స్’ సహజం; పూర్తయిన పనులను లెక్కపెట్టడం పర్ఫెక్ట్‌కు ఇష్టమైన పని. ‘షి హాజ్ బీన్ మేకింగ్ కాల్స్’ అన్నప్పుడు మాత్రం అంకె ఇమడదు. అక్కడ ప్రధానం పని సాగడమే.

‘మేక్’, ‘డూ’ల మధ్య ఒక ఆనవాలు చెప్పుకోవచ్చు. అంతకుముందు లేనిదేదో పుడితే ఎక్కువగా ‘మేక్’: ప్లాన్, ప్రామిస్, నాయిస్. చేయవలసిన పనిని నెరవేర్చడమైతే ‘డూ’: వర్క్, డ్యూటీ, రీసెర్చ్. ఇది ఆనవాలే, నియమం కాదు. ప్రాంతాన్ని బట్టి కూడా జంటలు మారతాయి. బ్రిటిష్‌వారు షవర్‌కు ‘హావ్’ వాడితే, అమెరికన్లు ఎక్కువగా ‘టేక్’ వాడతారు. ‘టేకెన్ ఎ డెసిషన్’ బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మామూలే, అమెరికాలో ‘మేడ్’ అన్నదే ఎక్కువ. మన ‘నిర్ణయం తీసుకోవడం’ బ్రిటిష్ వాడుకతో చక్కగా కలుస్తుంది. పరీక్ష విషయంలో మాత్రం కలవదు: తెలుగువారు ‘రిటెన్’ అంటారు, బ్రిటన్‌లో ‘టేకెన్’ లేదా ‘శాట్’. మన దేశమంతటా వాడుకలో ఉన్న ప్రయోగాన్ని తప్పని కొట్టిపారేయడం న్యాయం కాదు. పరాయి దేశంలో దానికి మరో జంట ఉందని తెలిసి ఉంటే చాలు.

మాటల ఈ సహవాసాన్ని భాషాశాస్త్రంలో ‘కలోకేషన్’ అంటారు. ఇంగ్లిష్ నేర్చుకునేవారి కోసం హెరాల్డ్ పామర్ 1933లో టోక్యోలో ఇలాంటి జంటల మీద నివేదిక ప్రచురించాడు. ఆ భావనను సిద్ధాంతంగా నిలబెట్టినవాడు బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్. 1920లలో లాహోర్‌లో ఇంగ్లిష్ బోధించిన ఫర్త్, 1930ల చివర్లో మళ్లీ మన దేశానికి వచ్చి గుజరాతీతో పాటు తెలుగునూ పరిశీలించాడు.

ఈ జంటల కోసం ప్రత్యేక నిఘంటువులున్నాయి. వాటిలో క్రియ కింద వెతికితే దొరికేది తక్కువ. నామవాచకం కింద చూడాలి. ‘డెసిషన్’ దగ్గర ‘మేక్’, ‘టేక్’లతో పాటు ‘రీచ్’, ‘కమ్ టు’ కూడా కనిపిస్తాయి. ‘వి హావ్ మేడ్ ఎ డెసిషన్’ అంటే నిర్ణయం జరిగింది, అంతే. ‘వి హావ్ రీచ్డ్ ఎ డెసిషన్’ అంటే చర్చలు నడిచి, వాదాలు తేలి, చివరికి ఒక మాట మీదికి వచ్చారన్న సంగతి కూడా వినేవారికి అందుతుంది.