ముద్ద దానిమ్మ.. పెరటికి అందం
నారు తెచ్చే చోట ఏమరితే తోటలకు చేటు

ఇంటి ముందు నాటిన దానిమ్మ ఏటా విరగబూస్తుంది. పూలన్నీ రాలిపోతాయి తప్ప ఒక్క కాయా నిలవదు. నాలుగేళ్లు చూసి, అది గొడ్డు చెట్టని నరికేసే వారు ఎందరో. నిజానికి అది కాయల కోసం కాక, కేవలం పూల కోసం పెంచే రకం కావచ్చు.

ఇరాన్ నుంచి ఉత్తర భారతం వరకు గల ప్రాంతం దానిమ్మకు పుట్టినిల్లు. దీని పువ్వు ఎరుపునకు మన సంప్రదాయంలో విశిష్ట స్థానం ఉంది. లలితా సహస్రనామంలో అమ్మవారి కాంతిని దానిమ్మ పువ్వుతోనే పోల్చారు. ఎండను, నీటి ఎద్దడిని తట్టుకునే గుణం ఉన్నందున రాయలసీమ పెరళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. పూల కోసం తేనెపిట్టలు సైతం వస్తుంటాయి.

రెండు రకాలు

అలంకరణకు పెంచే దానిమ్మల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది ముద్ద దానిమ్మ. ముద్ద మందారంలా దీని పువ్వుకు రేకులు అధికం. కేసరాలు రేకులుగా మారిపోవడం వల్ల కాయ పట్టడం అరుదు. రెండోది పొట్టి రకం. రెండు మూడు అడుగులకు మించి పెరగదు. నిమ్మకాయ కంటే చిన్న కాయలు కాస్తుంది. అవి చూడటానికే తప్ప తినడానికి అంత రుచిగా ఉండవు.

మామూలు దానిమ్మలోనూ పూలన్నీ కాయలు కావు. అడుగు సన్నగా, గంట ఆకారంలో ఉండేవి మగపూలు. ఇవి రాలిపోవడం సహజం. అడుగు ఉబ్బి, కూజాలా కనిపించే పూలే కాయలవుతాయి. చెట్టును నరికే ముందు ఈ తేడాను గమనించాలి.

నాటే విధానం

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటును ఎంచుకోవాలి. నీడలో ఆకులు పెరుగుతాయి గానీ పూలు రావు. కుండీలో పెంచదలిస్తే 12 నుంచి 14 అంగుళాల వెడల్పు ఉండాలి. అడుగున రంధ్రం తప్పనిసరి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. పైమట్టి ఆరిన తర్వాతే నీరు పోయాలి. వేర్ల వద్ద నీరు నిలిస్తే మొక్క కుళ్లుతుంది.

పూలు కొత్త చిగుళ్లపైనే వస్తాయి. అందువల్ల చలికాలంలో ఎండు కొమ్మలను, అడ్డదిడ్డంగా పెరిగిన వాటిని కత్తిరించాలి. మొదలు నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయాలి. యూరియా అధికంగా వేస్తే ఆకు దట్టమై పూత తగ్గుతుంది.

కొమ్మ ఎక్కడి నుంచి?

ముద్ద దానిమ్మ విత్తనంతో రాదు. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను 8 నుంచి 10 అంగుళాల పొడవున కత్తిరించి నాటుకోవాలి. అసలు జాగ్రత్త వహించాల్సింది ఇక్కడే. 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో బ్యాక్టీరియా మచ్చ తెగులు సోకి ఎన్నో దానిమ్మ తోటలు దెబ్బతిన్నాయి. తెగులు భరించలేక రైతులు చెట్లను తొలగించుకోవాల్సి వచ్చింది. ఈ తెగులు నాటే కొమ్మ ద్వారా, కత్తెర ద్వారా, వాన చినుకుల ద్వారా వ్యాపిస్తుంది. ఊళ్లో ఒక్క ఇంటి పెరట్లో ఉన్నా పక్కనున్న తోటకు ముప్పే.

తెగులు సోకితే ఆకులపై నీటిలో తడిసినట్లున్న చిన్న మచ్చలు ఏర్పడి క్రమంగా నల్లబడతాయి. కాయలపై నల్లటి మచ్చలు వచ్చి పగుళ్లు తీస్తాయి. ఇలాంటి చెట్టు నుంచి కొమ్మ తీసుకోరాదు. సోకిన భాగాలను కత్తిరించి కాల్చివేయాలి. ఒక చెట్టుకు వాడిన కత్తెరను బ్లీచింగ్ ద్రావణంలో ముంచి శుభ్రం చేశాకే మరో చెట్టుకు వాడాలి. కత్తిరింపుల తర్వాత ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయడం మేలు. 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం సరిపోతాయి. రెండింటినీ ప్లాస్టిక్ పాత్రల్లో విడివిడిగా కరిగించి కలపాలి. చేతులకు తొడుగులు ధరించాలి. కలిపిన రోజే వాడాలి.

కాయకు సంచి

కాయలు కాసే రకమైతే సీతాకోకచిలుక బెడద ఉంటుంది. పూలపై, లేత కాయలపై ఇది గుడ్లు పెడుతుంది. పురుగు లోపలికి తొలుచుకుపోయి గింజలను తినేస్తుంది. పిందె దశలోనే గుడ్డ సంచి లేదా కాగితపు సంచి తొడిగితే మందు అవసరం రాదు. రంధ్రం పడిన కాయలను కోసి నాశనం చేయాలి. నీటిని ఒకసారి ఎండగట్టి మరోసారి ఎక్కువగా పోస్తే కాయలు పగులుతాయి. ఎప్పుడూ ఒకే తీరుగా తడి ఇవ్వడమే దీనికి విరుగుడు.

మొక్క కొనేటప్పుడు ఆకులను తిరగేసి చూడటానికి పట్టేది ఒక్క నిమిషమే. ఆ నిమిషం మన పెరటిని, పొరుగు రైతు తోటను కూడా కాపాడుతుంది.