వరిగడ్డి నుంచి ఇథనాల్: బేరం తేల్చేది ఎంజైములే

ఇథనాల్‌కు ముడిసరుకు అంటే మొలాసిస్, నూకలు, మొక్కజొన్న అని చెప్పుకునే వర్తకులు ఇప్పుడు వరిగడ్డిని కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తున్నది. హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో నిర్మించిన కర్మాగారం 2022 ఆగస్టు 10న జాతికి అంకితమయింది. ఏటా 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం. అంటే టన్నుకు 150 లీటర్లు. మొక్కజొన్న టన్నుకు సుమారు 380 లీటర్లు ఇస్తుంది. అయినా గడ్డి వైపు చూపు మళ్ళడానికి కారణం వున్నది. అది తిండిగింజ కాదు; పైగా పంజాబు, హర్యానాలలో చాలా భాగం పొలంలోనే తగలబడిపోతున్నది.

ముఠా పని

గడ్డి బరువులో దాదాపు మూడోవంతు సెల్యులోజు. వేలకొద్దీ గ్లూకోజు అణువులు గొలుసుకట్టుగా చేరితే అది తయారవుతుంది. ఆ గొలుసులు ఒకదానికొకటి బిగుసుకుని వుంటాయి. వాటి చుట్టూ హెమీసెల్యులోజు, లిగ్నిన్ అల్లుకుని వుంటాయి. ముందుగా గడ్డిని ఆవిరితో, ఆమ్లంతో ఉడికించి ఈ కట్టు సడలిస్తారు. ఆపై పని సూక్ష్మజీవులు తయారుచేసే ఎంజైములది.

ఇది ఒక్క ఎంజైముతో అయ్యే పని కాదు. యార్డులో హమాలీ ముఠా వలె పని పంచుకుంటాయి. ఎండోగ్లూకనేజు గొలుసును నడుమ తెంచుతుంది. సెల్లోబయోహైడ్రోలేజు తెగిన కొస పట్టుకుని రెండేసి గ్లూకోజుల జతలుగా ఊడదీస్తుంది. బీటా గ్లూకోసిడేజు ఆ జతను విడదీస్తుంది. ఈ చివరి పని మందగిస్తే జతలు పేరుకుపోయి ముందు పనులు కూడా నెమ్మదిస్తాయి. లారీ కదలకపోతే కాటా ఆగిపోయినట్లే. చేతికి వచ్చిన గ్లూకోజును ఈస్టు ఇథనాల్‌గా మారుస్తుంది.

గుడారం బూజు

పరిశ్రమకు ఈ ఎంజైములు ప్రధానంగా ట్రైకోడెర్మా రీసీ అనే బూజు నుంచి లభిస్తున్నవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు చివికిపోతుంటే, కారణం వెదకినవారికి దొరికిన బూజు ఇది. నాటిక్ సైనిక పరిశోధనాలయంలో దీనిపై ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ కృషి చేశారు. రీస్ పేరే దీనికి స్థిరపడింది.

బాక్టీరియాలో మరో పద్ధతి వున్నది. గాలి తగలని చోట, 60 డిగ్రీల వేడిలో పెరిగే క్లోస్ట్రిడియం థెర్మోసెల్లం ఎంజైములన్నిటినీ ఒకే చట్రానికి తగిలించి గడ్డి మీదకు పంపుతుంది. సెల్యులోజోమ్ అనే ఈ సముదాయాన్ని 1980 దశకం తొలి ఏళ్ళలో ఎడ్వర్డ్ బేయర్, రఫాయెల్ లామెడ్ వెలుగులోకి తెచ్చారు. బూజు విడి కూలీలను పంపితే, ఈ బాక్టీరియా ముఠా మొత్తాన్నీ ఒకే తాడుకు కట్టి పంపుతుందన్నమాట.

లీటరు లెక్క

పానిపట్టు లెక్క ప్రకారం లీటరు ఇథనాల్‌కు సుమారు 6.7 కిలోల గడ్డి కావాలి. గడ్డి ధర కిలోకు ఒక్క రూపాయి పెరిగితే లీటరు ఖర్చు 6 రూపాయల 70 పైసలు పెరుగుతుంది. దీనికి ఎంజైముల ఖర్చు తోడవుతుంది. లిగ్నిన్ కొంత ఎంజైమును తనకే అంటించుకుని వృథా చేస్తుంది. ఎంజైములు సుమారు 50 డిగ్రీల వేడిలో రెండు మూడు రోజులు పనిచేయాలి గనుక పెద్ద తొట్లు, పెద్ద పెట్టుబడి అవసరం. హెమీసెల్యులోజు నుంచి వచ్చే జైలోజు చక్కెరను మామూలు ఈస్టు పులియబెట్టలేదు.

విదేశాల అనుభవం హెచ్చరికగా వున్నది. అమెరికాలో డ్యూపాంట్ అయోవా రాష్ట్రంలో 2015లో తెరచిన కర్మాగారాన్ని 2017లో ఆపివేసింది. రొమేనియాలోని పొదారి కర్మాగారాన్ని మూసివేస్తున్నట్లు క్లారియంట్ 2023 డిసెంబరులో ప్రకటించింది. ప్రయోగశాలలో నెగ్గిన ఎంజైము, మట్టీ ఇసుకా కలసిన లారీ గడ్డి ముందు అదే ఫలితం ఇస్తుందన్న హామీ లేదు.

వర్తకులు చూడవలసినవి

2 లక్షల టన్నులంటే రోజుకు దాదాపు 550 టన్నులు. కోతలు మాత్రం కొద్ది వారాలే. కనుక గడ్డి ఏడాది పొడుగునా తడవకుండా నిలవ వుండాలి. 10 శాతం తేమ గల టన్నులో 900 కిలోల ఎండుసరుకు వుంటే, 20 శాతం తేమ గల టన్నులో 800 కిలోలే. కొనేవాడు 100 కిలోల నీటికి కూడా ధర చెల్లించినట్లు.

కృష్ణా, గోదావరి డెల్టాలలో గడ్డి పశువుల మేత కూడాను. ఇక్కడ కర్మాగారం వస్తే పాడి రైతుతో పోటీపడి కొనవలసిందే. గడ్డి బేరానికి దిగే వర్తకుడు ముందుగా తేమ ఎంత, మట్టి ఎంత, రవాణా దూరం ఎంత, ఒప్పందం ఎన్నేళ్ళకు అని తేల్చుకోవడం మంచిది. ఎంజైములు చవకై, టన్నుకు లీటర్లు పెరిగినప్పుడే కర్మాగారం గడ్డికి మంచి ధర ఇవ్వగలుగుతుంది. అంతవరకు గిరాకీ మాట విని నిలవలు పెంచుకోవడం తొందరపాటే అవుతుంది.